బొట్టు పెట్టిన వాచీ

మొన్న మా చిన్నవాడితో కలిసి మా కార్ఖానాల ఊళ్లో, బిష్టుపూర్ బజారులో ఒక పెద్ద వాచీల షాపుకి వెళ్లాను. వాడు టెల్కో లారీల కార్ఖానాలో ఇంజనీరు. కిందటేడు కలకత్తా వెళ్లి ఓ స్విస్ వాచీ కొనుక్కొచ్చాడు. ఎంత పెట్టావురా అని అడిగితే "ఛోడో నా మా" అన్నాడు, వదిలెయ్యమ్మా అని. నేను తెలుగులో అడగడం, వాడు హిందీలో జవాబివ్వడం మా ఇంట్లో కొత్తేమీ కాదు. కానీ ఆ వాచీ గడప దాటి వచ్చిన రోజు నుంచి నాకు మనసు స్థిమితంగా లేదు. వాడు దాన్ని ఫ్రిజ్ మీద పెడతాడు, కుళాయి గట్టు మీద మరిచిపోతాడు, ఒకసారైతే ఇడ్లీ పిండి గిన్నె పక్కనే వదిలేసి స్నానానికి వెళ్లాడు. నేను పరిగెత్తుకెళ్లి దాన్ని పమిట చెంగులో చుట్టి బీరువాలో పెట్టేదాకా నా గుండె నా చేతిలో లేదు. "అత్తయ్యా, అది వాచీయే, పసిపిల్ల కాదు" అని కోడలు నవ్వుతుంది. నవ్వనీ. ఆ షాపులో మాత్రం నాకు నవ్వు రాలేదు. అక్కడ ఏ వాసనా లేదు. కౌంటర్ వెనక పిల్ల తెల్ల గ్లవ్స్ వేసుకుని వాచీని మెత్తటి పళ్లెంలో పెట్టుకుంది, సర్వీసింగ్‌కి ముంబై పంపిస్తామంది. "ఎవరమ్మా మూత తీసేది?" అని అడిగాను. "టెక్నీషియన్, ఆంటీ" అంది. "ఆయన పేరేమిటి?" అన్నాను. ఆ పిల్ల మావాడి మొహం చూసింది, మావాడు నా మోచెయ్యి పట్టుకుని "చలో మా" అన్నాడు. బయటికొచ్చాక చూసుకుంటే నా అరచేతులు చల్లగా, తడిగా ఉన్నాయి. అది ఏసీ వల్ల కాదు. ఎవరో ఖరీదైన వాచీ మూత తీయబోతున్నారంటే నా ఒంట్లో ఇప్పటికీ అంతే అవుతుంది.

నా చిన్నతనంలో వాచీ సర్వీసింగ్ అంటే ఒక మనిషి ఊపిరి బిగబట్టి వంగి కూర్చోవడం, ఆ మనిషి చుట్టూ ఇంటిల్లిపాదీ ఊపిరి బిగబట్టి తిరగడం. ఆ మనిషి మా నాన్న. మేం అప్పుడు ఈ ఊళ్లోనే భుయ్యాడీహ్‌లో, నదికి దగ్గరగా, గోడకి గోడ ఆనించి కట్టిన ఇళ్ల మధ్య ఉండేవాళ్లం. రెండు గదులు, ముందొక వరండా. వరండాలో ఓ మూల చెక్కబల్ల, దాని మీద అద్దాల పెట్టె. అదే నాన్న కొట్టు. మా ఇంట్లో వంట, స్నానం, తుమ్ము, అన్నీ వాచీలను బట్టి నడిచేవి. మూత తీసిన వాచీ బల్ల మీద ఉంటే ఫ్యాన్ వెయ్యకూడదు, ఎండాకాలమైనా సరే. పోపు పెట్టకూడదు, నూనె పొగ లోపలికి పోతుందట. అందుకే మా ఇంట్లో పప్పు చాలాసార్లు పోపు లేకుండానే కంచంలోకి వచ్చేది. దుప్పట్లు దులపకూడదు, తల దువ్వుకోవాలంటే పెరట్లోకి పోవాలి. చక్రాలు కడిగే పెట్రోలు వాసన మా బట్టలకీ, పుస్తకాలకీ, మేం తినే అన్నానికీ పట్టి ఉండేది. బడిలో పిల్లలు నన్ను పెట్రోల్ పంప్ అని వెక్కిరించేవాళ్లు. నేను కాస్త గెంతితే చాలు, లోపలి నుంచి నాన్నమ్మ గొంతు వచ్చేది. "ఏటే పాపా, ఆ ఎగురుడేటి? మీ నాన్న మూత తీసేడు, కనబడ్నేదా?" ఆ మాటకి కాళ్లు ఎక్కడివక్కడ ఆగిపోయేవి. దయ్యం ఉందన్నా మేం అంత భయపడేవాళ్లం కాదు.

ఆ భయం ఊరికే పుట్టింది కాదు. మామూలు వాచీలు వచ్చినప్పుడు నాన్న ఈలపాట కూడా పాడుకునేవాడు. ఎప్పుడైనా విదేశీ బంగారు వాచీ వస్తే మాత్రం ఇంట్లో జ్వరం మనిషి ఉన్నట్టే ఉండేది. అలాంటి వాచీలవాళ్లు పెద్దవాళ్లు. వాళ్లకి ఒకటే అనుమానం, బాగుచేసే మిస్త్రీ లోపలి అసలు సామాను కాజేసి నకిలీది వేశాడేమోనని. ఇదే ఊళ్లో సాక్చీ వైపు మన శ్రీకాకుళం మనిషే ఒకడు వాచీలు బాగుచేసేవాడు. ఎవరో ఆఫీసరు వాచీ ఇంటికి తీసుకెళ్లాక ఆగిపోయింది. సామాను మార్చేశావు అని నలుగురు వచ్చి అతని కొట్టు విరగ్గొట్టారు, వేళ్ల మీద కొట్టారు. అతను కట్టు కట్టిన చేతులతో పెళ్లాం పిల్లల్ని రైలెక్కించుకుని వెళ్లిపోయాడు. పోయేముందు మా ఇంటికి వచ్చి మంచినీళ్లు తాగాడు. గ్లాసు పట్టుకోలేకపోతే మా అమ్మే నోట్లో పోసింది. అతను దొంగ కాడని మా నాన్నకి తెలుసు. నాన్నకి తెలిసి ఏం లాభం?

మా నాన్నమ్మకి ఇంకో భయం ఉండేది, అది పల్లె నుంచి మోసుకొచ్చింది. మా తాత పార్వతీపురం దగ్గర వడ్రంగి. ఆయుధపూజ నాడు పనిముట్లకి బొట్లు పెట్టి పూజలో ఉంచాక, ఊళ్లో ఎవరో పోతే పాడె కట్టడానికి వెదుళ్లు కొట్టమన్నారట. కాదనలేక ఆయన పూజలోంచి బాడిస తీశాడు. ఆ ఏడాది తిరక్కముందే కుడిచెయ్యి పడిపోయింది. చెయ్యి పడిపోయిన వడ్రంగి ఎన్నాళ్లు బతుకుతాడు? ఆయన పోయాక నాన్నమ్మ తన ఒక్క కొడుకుని వెంటబెట్టుకుని ఈ ఊళ్లో ఉన్న తమ్ముడి పంచన చేరింది. ఈ ఊళ్లో ఆయుధపూజ కంటే విశ్వకర్మ పూజ పెద్దది. ఆ రోజు కార్ఖానాలో క్రేన్లకి కూడా దండలు వేస్తారు, లారీలకి బొట్లు పెడతారు, ఎవరూ పానా పట్టరు. నాన్నమ్మ రెండింటినీ కలిపేసింది. ఆ రోజు పొద్దున తను బొట్లు పెట్టిన పనిముట్టుని మర్నాడు ఉద్వాసన చెప్పేదాకా ఎవరూ తాకకూడదు. "ముట్టుకుంటే సెయ్యి పడిపోద్ది" అనేది. ఆ మాట అనేటప్పుడు ఆవిడ గొంతులో బెదిరింపు ఉండేది కాదు, ఏడుపు ఉండేది. అందుకే మాకు ఇంకా భయం వేసేది.

నేను బడిలో చదివే రోజుల్లోనే ఒక ఏడు విశ్వకర్మ పూజకి ముందు ఒక ఠేకేదారు వాచీ వచ్చింది. కార్ఖానాలకి కూలీల్ని సరఫరా చేసే మనిషి, జీపులో తిరిగేవాడు, ఆయన పక్కన ఎప్పుడూ ఇద్దరు మనుషులుండేవాళ్లు. మామగారు పెట్టిన బంగారు స్విస్ వాచీ, ఆగి ఆగి నడుస్తోందట. కూతురి సంబంధం మాట్లాడటానికి సొంతూరు ఛప్రా వెళ్తున్నాడు, కాబోయే వియ్యంకుల ముందు అది చేతికి ఉండాలి. పూజ నాడు సాయంత్రం వచ్చి తీసుకుంటానన్నాడు, రాత్రి రైలు. వాచీ ఇస్తూ నాన్న భుజం మీద చెయ్యి వేసి, "అందర్ నిశాన్ హై, మిస్త్రీ. మై పహచాన్తా హూఁ" అన్నాడు. లోపల గుర్తు ఉంది, నేను గుర్తుపడతాను అని. నవ్వుతూనే అన్నాడు. ఆ నవ్వు చూసి అమ్మ లోపలికి వచ్చి గోడకి ఆనుకుని నిలబడిపోయింది. పూజకి ముందురోజు సాయంత్రానికి నాన్న పని పూర్తిచేశాడు. చక్రాలు కడిగి, చమురు వేసి, తిరిగి బిగించి, వెనక మూత మాత్రం పెట్టకుండా బల్ల మీదే నడవనిచ్చాడు. ఒక రోజు అలా నడుస్తుంటే చూశాక గాని మూత వెయ్యకూడదని ఆయన పద్ధతి. దాని మీద గాజుగిన్నె బోర్లించాడు. తోలుపట్టీ పక్కన పెట్టాడు.

పూజ నాడు తెల్లారగానే నాన్న నదికి స్నానానికి వెళ్లాడు. అటునుంచి అటే పందిట్లో పూజ చూసుకుని ప్రసాదం తెస్తానన్నాడు. అమ్మ పెరట్లో ఉంది. నేను గుమ్మంలో కూర్చుని బంతిపూలు గుచ్చుతున్నాను. నాన్నమ్మ ఎర్రగుడ్డ పరిచి స్క్రూడ్రైవర్లు, చక్రాలు పట్టే చిమటాలు, నాన్న కంటికి పెట్టుకునే అద్దం, చమురు గిన్నెలు అన్నీ వరసగా పేర్చింది. ఒక్కొక్కదానికీ పసుపు రాసి బొట్టు పెట్టింది. అన్నీ అయ్యాక ఆ గాజుగిన్నె ముందు కొంచెంసేపు చేతులు జోడించి నిలబడింది. తరవాత గిన్నె పైకెత్తింది. పసుపు ముద్దలో ఉంగరపు వేలు ముంచి, తిరుగుతున్న ఆ యంత్రం నడిబొడ్డున అద్దింది, దాని మీద కుంకుమ పెట్టింది. ఇటూ అటూ ఊగుతున్న చిన్న చక్రం ఆవిడ వేలి కిందే ఆగిపోయింది. వేలు తీసేసింది. అయినా కదల్లేదు. "ఏటయిందే? ఆగిపోనాదేటి?" అని నన్ను అడిగింది. బంతిపూలు నా ఒళ్లోంచి జారిపోయినా ఏరుకోలేదు. నాన్నమ్మ గిన్నె మళ్లీ బోర్లించి, దాని ముందే చతికిలబడి, నాన్న వచ్చేదాకా పసుపు వేలు ఒళ్లో దాచుకుని కూర్చుంది.

నాన్న తడి తలతో, చేతిలో బూందీ పొట్లంతో వచ్చాడు. బల్ల వైపు చూశాడు. ఆయన అరవలేదు. అరిచి ఉంటే బాగుండేది. "ఎవులు తీసేరు గిన్నె?" అన్నాడు. నాన్నమ్మ లేవకుండానే, "నానేరా అప్పన్నా. దాని మీద నీ పేనం ఉంది కదా, అన్నిటికీ ఎట్టి దానికి ఎట్టకపోతే దేవుడికి కోపం వస్తాదేమోనని, దాన్ని సల్లగా సూడమని ఓ బొట్టు ఎట్టేను" అంది. అమ్మ వచ్చి సంగతి తెలుసుకుని, "ఉన్నదున్నట్టు సెప్పీరాదా? పూజ పొరపాటని" అంది. "నమ్ముతాడేటి? సామాను మార్చేసి పసుపు పూసేనంటాడు" అన్నాడు నాన్న. మాకందరికీ ఆ కట్టు కట్టిన చేతులే కళ్ల ముందు ఉన్నాయి. నాన్న ఎర్రగుడ్డ వైపు అడుగు వేశాడు. నాన్నమ్మ పాకుతూ వెళ్లి ఆయన కాళ్లకి అడ్డం పడింది. "వద్దురా నాయనా. మీ అయ్య సెయ్యి సూసేవు కదరా. ఆడొచ్చి కొడితే నన్ను కొట్టమను. నానే సేసేనని సెప్తాను." నాన్న వంగి, ఆవిడని రెండు రెక్కలూ పట్టి లేపి, మూలనున్న పీట మీద కూర్చోబెట్టాడు. "దేవుడికి తరవాత సెప్పుకుందుం అమ్మా. ఈడికి సెప్పుకోనేం" అన్నాడు. గుడ్డ మీంచి చిమటా తీశాడు. దాని మీద కుంకుమ ఇంకా తడిగానే ఉంది. నాన్నమ్మ పమిట నోట్లో కుక్కుకుంది.

నాన్న వాచీని, కావలసిన సామాన్ని లోపలి గదిలోకి తీసుకెళ్లి కిటికీ దగ్గర కూర్చున్నాడు. వరండాలో చేస్తే వీధిలోవాళ్లు చూస్తారు. పూజ నాడు మిస్త్రీ పనిచేస్తున్నాడంటేనే ఏదో జరిగిందని అర్థం. గదిలో కర్పూరం వాసన, పెట్రోలు వాసన కలిసిపోయాయి. పసుపు చమురుతో కలిసి ముద్దయి చక్రాల సందుల్లోకి దిగిందట. అన్నిటికంటే భయం బాల్ కమానీతో. అది వెంట్రుక కంటే సన్నటి స్ప్రింగు. అది వంకర పోతే ఈ ఊళ్లో దొరకదు, కలకత్తాలో కూడా దొరుకుతుందో లేదో. నాన్న ముక్కుకి గుడ్డ కట్టుకున్నాడు. నేను తలుపు సందులోంచి ఆయన వీపే చూస్తూ కూర్చున్నాను. ఆ వీపు కదిలితే భయం, కదలకపోతే భయం. అన్నం ఎవరూ తినలేదు. పొద్దు వాలకముందే వీధి చివర జీపు ఆగిన చప్పుడైంది.

అమ్మ ఒక్క క్షణం నావైపు చూసి, గది తలుపు దగ్గరగా వేసి, వరండాలోకి నడిచింది. అంతవరకూ ఆవిడ పరాయి మగవాళ్లతో మాట్లాడటం నేను చూడలేదు. "బైఠియే బాబూ. ప్రసాద్ ఖాకే జానా" అంది వచ్చీరాని హిందీలో. పూజ నాడు వచ్చిన మనిషిని ప్రసాదం పెట్టకుండా పంపకూడదని చేతులతోనే చెప్పింది. ఠేకేదారు బెంచీ మీద కూర్చున్నాడు. "మిస్త్రీ కహాఁ? ఆజ్ తో కామ్ బంద్ హై" అన్నాడు. ఈవేళ పని లేదుగా, మరి ఎక్కడున్నాడు అని. ఆయన మనుషుల్లో ఒకడు బల్ల దగ్గరికి వెళ్లి, ఖాళీ గాజుగిన్నె ఎత్తి చూసి మళ్లీ పెట్టాడు. ఎర్రగుడ్డ మీద ఉండాల్సిన పనిముట్లు కూడా సగం లేవు. అప్పుడు నాన్నమ్మ లేచింది. పీట మీంచి లేచి, కుంకుమ భరిణె, అక్షింతల పళ్లెం పట్టుకుని వెళ్లి ఠేకేదారు ముందు నిలబడింది. ఆవిడకి హిందీ ముక్క రాదు. ఏమీ అనకుండా ఆయన నుదుటి మీద బొట్టు పెట్టింది, నెత్తిన అక్షింతలు వేసింది. తరవాత ఆయన మనుషులిద్దరికీ పెట్టింది. బల్ల దగ్గరున్నవాడు బొట్టు కోసం తల వంచుకుని ఇటు రావలసి వచ్చింది. ఠేకేదారు పెద్దావిడ కదా అని చేతులు జోడించాడు. నాన్నమ్మ మళ్లీ మళ్లీ అక్షింతలు వేస్తూనే ఉంది, పళ్లెం ఖాళీ అయ్యేదాకా. భయంతో అలా చేస్తోందని నాకు తెలుసు. ఆయన భక్తి అనుకున్నాడు.

తలుపు తెరుచుకుంది. నాన్న వాచీని రుమాలులో పెట్టుకుని వచ్చాడు. పట్టీ కూడా బిగించి ఉంది. ఠేకేదారు దాన్ని చెవి దగ్గర పెట్టుకుని కళ్లు మూసుకున్నాడు. మేం నలుగురం ఆయన మొహంలోకే చూస్తున్నాం. ఆయన కళ్లు తెరిచి వాచీని వెనక్కి తిప్పాడు. జేబులోంచి చిన్న చాకు తీస్తాడా, మూత తీసి చూస్తాడా అని నేను ఆ జేబు వైపే చూస్తున్నాను. ఆయన వేలు పట్టీ మీద ఆగింది. నాన్న చూసుకోని పసుపు మరక ఒకటి తోలు మీద ఉండిపోయింది. "యే క్యా?" అన్నాడు. ఠేకేదారే నాన్నమ్మ వేళ్ల వైపు చూసి, గట్టిగా నవ్వి, "మేరీ ఘడీ కీ భీ పూజా కర్ దీ?" అన్నాడు. నా వాచీకి కూడా పూజ చేశారా అని. దాన్ని కళ్లకద్దుకుని చేతికి పెట్టుకుని వెళ్లిపోయాడు. జీపు మలుపు తిరిగాక అమ్మ బూందీ పొట్లం చేతిలో పట్టుకునే కింద కూర్చుండిపోయింది. నాన్న పనిముట్లు తుడిచి, మళ్లీ ఎర్రగుడ్డ మీద పేర్చి, దండం పెట్టాడు. నాన్నమ్మ వచ్చి ఆయన కుడిచెయ్యి తన ఒళ్లోకి తీసుకుంది. పొద్దుపోయేదాకా వదల్లేదు.

ఠేకేదారు భయం ఆ సాయంత్రంతో పోయింది. రెండో భయం అప్పుడు మొదలైంది. నాన్నమ్మ పైడితల్లమ్మకి మొక్కుకుంది. తనకి ప్రాణమైన జర్దాకిళ్లీ మానేసింది. రోజూ పొద్దున్నే నాన్న నిద్రలేవకముందే వెళ్లి కుడిచేతి వేళ్లు ఒక్కొక్కటీ వంచి చూసేది, ఆముదం రాసేది. నాన్న మెలకువగానే ఉండి కళ్లు మూసుకుని పడుకునేవాడు. ఆయనకి ఎప్పుడైనా చెయ్యి తిమ్మిరెక్కితే మాకు చెప్పేవాడు కాదు. ఏడాది గడిచింది, చెయ్యి బాగానే ఉంది. అయినా నాన్నమ్మ చూడటం మానలేదు. "దేవుడికి తొందరేటి? ఎప్పుడైనా సేత్తాడు" అనేది.

ఇప్పుడు మా చిన్నవాడి వాచీ ఎక్కడో ముంబైలో ఎవరి బల్ల మీదో ఉంది. ఠేకేదారు వాచీ కంటే ఎన్నో రెట్లు ఖరీదైనది. దాని కోసం ఈ ఊళ్లో ఎవరూ పోపు మానలేదు, ఎవరి ఇంట్లో పిల్లలూ గెంతడం ఆపలేదు. కౌంటర్లో పిల్ల హాయిగా ఇంటికెళ్లి నిద్రపోయి ఉంటుంది. అది మంచిదే. పాతకాలమే బంగారం అనే మనిషిని కాను నేను. ఆ భయం పగవాళ్లకి కూడా వద్దు. కానీ ఏ బల్ల ముందో వంగి కూర్చున్న ఆ టెక్నీషియన్ ఇంట్లో ఎవరైనా ఊపిరి బిగబట్టి ఉన్నారేమో, నాకేం తెలుసు? పేరే చెప్పనివాళ్లు అది చెప్తారా! ఇక శాపాలూ గీపాలూ నేను నమ్మను. నమ్మను గాని, విశ్వకర్మ పూజ నాడు మా ఇంట్లో కత్తిపీట ముట్టుకోనివ్వను. కోడలు నన్ను ఆటపట్టిస్తూనే ముందురోజు కూరలు తరిగి పెట్టుకుంటుంది.

నా పెళ్లయి ఇదే ఊళ్లో సిద్ధగోరాలో కాపురం పెట్టిన కొన్నేళ్లకి నాన్న కొట్టు ఎత్తేశాడు. "ఇప్పుడందరూ సెల్లేసే వాచీలే కొంటన్నారు. ఆగిపోతే అవతల పారేత్తన్నారు. మనకాడికెవులొత్తారు?" అన్నాడు. నిజమే కదా అనుకున్నాం. ఒక లారీ ఆఫీసులో గేటు దగ్గర కూర్చునే పని చూసుకున్నాడు. నేను పుట్టింటికి వెళ్లినప్పుడల్లా ఒక విషయం చూసేదాన్ని. నాన్న టీ గ్లాసు రెండు చేతులతో పట్టుకుని, తల వంచి తాగేవాడు. నాన్నమ్మ అప్పటికి మంచానే ఉండేది. చూపు బాగానే ఉండేది. అటునుంచి ఆయన్నే చూస్తూ మురిసిపోయేది. "నా కొడుకు సూడవే పాపా, నా ఎదర రెండు సేతుల్తో తాగుతాడు, గురువు ముందర తాగినట్టు" అనేది. కుడిచెయ్యి మాత్రం ఇవ్వమని అడిగి వేళ్లు వంచి చూసేది. ఆవిడ పట్టుకున్నంతసేపూ నాన్న ఆ చేతిని ఆవిడ అరచేతిలో గట్టిగా నొక్కి పెట్టి ఉంచేవాడు. అదీ ప్రేమే అనుకున్నాను.

నాన్నమ్మ నిద్రలోనే పోయింది. పెద్దకర్మ అయిపోయి, చుట్టాలు వెళ్లిపోయాక, నాన్న వరండాలో గోడకి ఆనుకుని కూర్చున్నాడు. అమ్మ టీ తెచ్చింది. రెండో చేతిలో తువ్వాలు ఎందుకు తెచ్చిందో నాకు అర్థం కాలేదు. నాన్న కుడిచెయ్యి ఒక్కటే చాచి గ్లాసు అందుకున్నాడు. ఆ చెయ్యి గాలికి ఆకు ఊగినట్టు ఊగిపోతోంది. టీ ఆయన వేళ్ల మీద, పంచె మీద ఒలికింది. నేను లేవబోతే అమ్మ వద్దని సైగ చేసింది.

"ఎప్పట్నుంచి నాన్నా?" అన్నాను.

"కొట్టు మూయకముందు నుంచే."

"డాక్టరుకి చూపించలేదా?"

"సూపించేను. ఈ వయసులో కొందరికి వస్తాదన్నాడు. మీ నాన్నమ్మకి డాక్టరు మాట సాలదు కదే. తనే సేసిందనుకుంటాది."

ఎడమచెయ్యి అలవాటుగా గ్లాసు దగ్గరికి లేచింది. నాన్న లోపల ఖాళీగా ఉన్న నాన్నమ్మ మంచం వైపు చూసి, ఆ చేతిని మళ్లీ ఒళ్లో పెట్టేసుకున్నాడు. మిగిలిన టీ ఒంటి చేత్తో, ఒలకబోసుకుంటూనే తాగాడు.